నింద కార్బురేటరుది, నేరం నిప్పురవ్వది

పాత కార్ల లోకంలో ఒక వింత న్యాయం చిరకాలంగా చెల్లుబాటవుతోంది. నేరం ఎవరు చేసినా ముందుగా బోనెక్కేది కార్బురేటరే. బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజను బుద్ధిగా తిరుగుతుంది. ఒకే వేగంతో సాగేటప్పుడూ పేచీ పెట్టదు. ముందున్న లారీని దాటబోయి యాక్సిలరేటరు తొక్కిన క్షణాన మాత్రం ఊపిరి బిగబట్టినట్టు ఒక్కసారి తడబడి, రెండు కుదుపులిచ్చి, ఆపైన తేరుకుని పరుగందుకుంటుంది. "పికప్ లేదండీ, కార్బురేటరు దించాల్సిందే" అని తీర్పు అక్కడికక్కడే వెలువడుతుంది. దించుతారు, పెట్రోలుతో కడుగుతారు, జెట్లు ఊదుతారు, కొత్త కిట్టు వేస్తారు. బండి రెండు రోజులు బాగుందనిపిస్తుంది. మూడోనాడు మళ్ళీ పాత కథే.

ఈ అలవాటు మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. తొక్కినప్పుడు తడబడే పాత ఇంజనులో మొదట పరీక్షించవలసింది జ్వలనాన్ని, అంటే నిప్పురవ్వ పుట్టే తీరునూ పుట్టే వేళనూ. కార్బురేటరు వంతు ఆ తరువాతే రావాలి. ఈ వరుస తప్పితే డబ్బూ కాలమూ వృథా కావడం ఒక ఎత్తు. మళ్ళీ దొరకని అసలు భాగాలు విప్పుళ్ళలో పాడైపోవడం మరో ఎత్తు.

ఇక్కడ పాత కార్లంటే రాజసంస్థానాల రోల్స్ రాయిస్‌లను గురించి చెప్పడం లేదు. మనందరం ఎరిగిన అంబాసిడరూ, ప్రీమియర్ పద్మినీ నా మనసులో ఉన్నాయి. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి నమూనాగా 1957లో మొదలైన అంబాసిడరు తయారీ 2014లో ఆగిపోయింది. ఫియట్ 1100 వంశానికి చెందిన పద్మిని అంతకు చాలా ముందే ఆగింది. ముంబయి వీధులలో మిగిలిన పద్మిని టాక్సీలు కూడా 2023 అక్టోబరుతో సెలవు తీసుకున్నాయి. ఇక ఇవి శ్రద్ధగల యజమానుల చేతుల్లో బ్రతకవలసిన బళ్ళు. మొదటి రిజిస్ట్రేషను నుండి యాభై ఏళ్ళు దాటి, ఛాసీ, బాడీ, ఇంజను పెద్దగా మార్పుచేర్పులు లేక అసలు రూపంలో నిలిచినవాటిని వింటేజి వాహనాలుగా నమోదు చేయించుకునే వీలును 2021లో కేంద్ర ప్రభుత్వం నియమావళిలో చేర్చింది. అసలు రూపానికి ఇంత విలువ వచ్చిన రోజుల్లో తప్పుడు రోగనిర్ణయం ఖరీదు మునుపటికంటె ఎక్కువ.

కాస్త మూలంలోకి వెళదాం. సిలిండరులో పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం రవ్వ తగిలిన మరుక్షణమే పేలిపోతుందని చాలామంది భావన. నిజానికది పేలదు, మండుతుంది. ఆ మంట ప్లగ్గు దగ్గర పుట్టి సిలిండరంతా పాకడానికి కొన్ని మిల్లీసెకన్లు కావాలి. నిమిషానికి 800 చుట్లు తిరిగే ఇంజనులో క్రాంకు ఒక్క మిల్లీసెకనులో ఐదు డిగ్రీలకు కాస్త తక్కువగా తిరుగుతుంది. 3000 చుట్ల వద్ద అదే మిల్లీసెకనులో 18 డిగ్రీలు తిరుగుతుంది. పిస్టను పైకొన దాటి కిందికి దిగనారంభించిన తరువాత పీడనం గరిష్ఠం కావాలంటే, పిస్టను ఇంకా పైకి వస్తూ ఉండగానే రవ్వ పడాలి. వేగం పెరిగిన కొద్దీ ఇంకా ముందే పడాలి. ముహూర్తాన్ని ఇలా ముందుకు జరపడాన్నే మన మెకానిక్కులు అడ్వాన్సు అంటారు.

ఆ పని చేసే యంత్రం డిస్ట్రిబ్యూటరు. పళ్ళెం కింద రెండు చిన్న బరువులూ వాటిని పట్టి ఉంచే రెండు స్ప్రింగులూ ఉంటాయి. వేగం హెచ్చితే బరువులు బయటికి విచ్చుకుని కామ్‌ను ముందుకు తిప్పుతాయి. ఇది వేగాన్ని బట్టి జరిగే సర్దుబాటు. రెండోది భారాన్ని బట్టి జరిగేది. తేలికగా పోతున్న ఇంజనులో మిశ్రమం పలచగా ఉండి నెమ్మదిగా మండుతుంది కనుక రవ్వ మరింత ముందు పడాలి. ఆ సమయంలో ఇంజను గాలి పీల్చే పీల్పు ఒక సన్నని గొట్టం ద్వారా డిస్ట్రిబ్యూటరు పక్కనున్న డయాఫ్రాన్ని లాగుతుంది. డయాఫ్రం పాయింట్ల పళ్ళేన్ని తిప్పుతుంది. పెడలు పూర్తిగా తొక్కితే పీల్పు పడిపోయి పళ్ళెం వెనక్కి వస్తుంది. ఏ కంప్యూటరూ లేని కాలంలో రెండు స్ప్రింగులూ ఒక పొరా కలిసి చేసిన ఈ లెక్కను చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. లోపం జ్వలనంలో ఉంటే, అది పెడలు తొక్కినప్పుడే ఎందుకు బయటపడాలి? అలా బయటపడినందువల్లే కదా అందరూ పెట్రోలును అనుమానిస్తున్నది! దీనికి రెండు కారణాలున్నాయి. మొదటిది, థ్రాటిల్ తెరవగానే సిలిండరులోకి ఎక్కువ మిశ్రమం చేరి, నొక్కుడు పీడనం పెరుగుతుంది. పీడనం పెరిగినచోట ప్లగ్గు కొనల నడుమ రవ్వ దూకడానికి హెచ్చు వోల్టేజి కావాలి. నీరసించిన కాయిలూ, పగుళ్ళిచ్చిన డిస్ట్రిబ్యూటరు మూతా, లోపల తెగిన ప్లగ్గు తీగా తేలిక భారం మీద ఎలాగో నెట్టుకొస్తాయి. అసలు పరీక్ష ఎదురైన క్షణాన చేతులెత్తేస్తాయి. 3000 చుట్ల మీద నాలుగు సిలిండర్ల ఇంజనుకు సెకనుకు నూరు రవ్వలు కావాలి. అందులో నాలుగైదు ఎగిరిపోయినా కూర్చున్నవారికి కుదుపు తెలుస్తుంది.

రెండవ కారణం ఇంకా సూక్ష్మమైనది. పైన చెప్పిన పాయింట్ల పళ్ళెం పెడలు కదిలినప్పుడల్లా కదులుతుంది. దాని మీదికి కరెంటు తెచ్చే సన్నని తీగ, దాన్ని ఎర్తుకు కలిపే మరొక అల్లిక తీగ పళ్ళెంతోపాటు లక్షలసార్లు వంగి నిటారవుతాయి. ఏళ్ళు గడిచేసరికి పైతొడుగు చెక్కుచెదరకుండా ఉండగానే లోపలి రాగిపోగులు ఒకటొకటిగా తెగిపోతాయి. పళ్ళెం ఒకచోట నిలిచి ఉన్నంతసేపూ తెగిన కొనలు తాకుకునే ఉంటాయి, ఇంజను హాయిగా తిరుగుతుంది. పెడలు తొక్కారా, పళ్ళెం జరుగుతుంది, కొనలు విడిపోతాయి, రవ్వ మాయమవుతుంది. పళ్ళెం మరోచోట కుదురుకోగానే మళ్ళీ తాకుకుంటాయి. పైకి చూసేవాడికి అచ్చంగా పెట్రోలు అందని లక్షణాలే. జానెడు పొడవైనా లేని ఒక తీగముక్క పాపానికి ఎన్ని కార్బురేటర్లు బలైపోయాయో!

ఈ తీగను పట్టుకోవడానికి పెద్ద పరికరాలేవీ అక్కరలేదు. వాక్యూం గొట్టాన్ని డిస్ట్రిబ్యూటరు వైపు ఊడదీసి, కార్బురేటరు వైపున్న కొనను గట్టిగా మూసి, జాగ్రత్తగా ఒకసారి బండి నడపండి. తడబాటు మాయమైతే అనుమానం తీగల మీదికీ, పళ్ళెం మీదికీ, డయాఫ్రం మీదికీ మళ్ళాలి. తరువాత ఇంజను ఆపి, మూత తీసి, అదే గొట్టాన్ని నోటితో పీల్చండి. పళ్ళెం కదిలి, నాలుకతో గొట్టం మూసినంతసేపూ అక్కడే నిలవాలి. కదలకపోయినా, కదిలి జారిపోయినా డయాఫ్రం చిరిగినట్టే. చిరిగిన డయాఫ్రంతో రెండు నష్టాలు: అడ్వాన్సు పోతుంది, ఆ చిరుగు గుండా దొంగగాలి లోనికి చేరి మిశ్రమం పలచబడుతుంది. ఈ రెండో నష్టాన్ని చూసి కూడా శిక్ష కార్బురేటరుకే వేస్తారు.

ఇక వరుస గురించి. పాయింట్లు సరిచేయకుండా టైమింగు సరిచేయడం గోడ కట్టకముందు సున్నం వేయడం వంటిది. పాయింట్ల మధ్య ఎడం తగ్గితే అవి ఆలస్యంగా విడతాయి. పాయింట్లు విడిన క్షణమే రవ్వ పుట్టే క్షణం కనుక టైమింగు కూడా వెనకబడుతుంది. కామ్‌ను రాసుకునే ఫైబరు మడమ రోజురోజుకీ అరుగుతుంది కాబట్టి, ఎవరి చేయీ పడకపోయినా ప్రతి పాత ఇంజనూ నెమ్మదిగా రిటార్డు వైపు జారుతూనే ఉంటుంది. అందుచేత ఫీలర్ గేజితో ముందు ఎడం చూడాలి. లూకాస్ 25డి రకం డిస్ట్రిబ్యూటర్లలో అది 14 నుండి 16 థౌ, అంటే మిల్లీమీటరులో మూడోవంతు పైచిలుకు. ఎడం మారిస్తే టైమింగు మారుతుంది, టైమింగు మారిస్తే ఎడం మారదు. ఏది ముందో ఏది వెనకో తేల్చడానికి ఈ ఒక్క వాక్యం చాలు.

ఆ తరువాత టైమింగు. చిన్న బల్బును డిస్ట్రిబ్యూటరు లో-టెన్షను కొనకూ ఎర్తుకూ నడుమ కలిపి, ఇగ్నిషను వేసి, ఇంజనును చేత్తో తిప్పి గుర్తు దగ్గరకు తెచ్చి, పాయింట్లు విడి బల్బు వెలిగే చోట డిస్ట్రిబ్యూటరును బిగించడం తాతలనాటి పద్ధతి. ఇంజను కదలడానికి అది చాలు. అడ్వాన్సు సరిగా పనిచేస్తున్నదీ లేనిదీ తెలియాలంటే మాత్రం టైమింగు లైటు ఉండాలి. వాక్యూం గొట్టం ఊడదీసి మూసి, లైటు పట్టి, వేగం మెల్లగా పెంచితే పుల్లీ మీది గుర్తు నదురుగా ముందుకు జరగాలి. జరగకపోతే బరువులు తుప్పుపట్టి బిగుసుకున్నాయి. కాస్త రేసిస్తేనే ఎగిరిపడితే స్ప్రింగులు సాగాయి. గుర్తు ఒకచోట నిలవక అటూ ఇటూ వణికితే షాఫ్టు బుష్షు అరిగింది. ఒక్క లైటు మూడు ప్రశ్నలకు జవాబిస్తోంది. పుల్లీ నడుమ రబ్బరు ఉన్న ఇంజనుల్లో బయటి వలయం జారి, గుర్తే అబద్ధమాడే అవకాశం ఉంది. కాబట్టి ఒకటవ పిస్టను పైకొనను విడిగా సరిచూసుకోవడం మంచిది.

అంతమాత్రాన కార్బురేటరు నిత్య నిర్దోషి అని నా వాదన కాదు. జ్వలనం పరీక్షలో నెగ్గాక దాన్ని తప్పక పిలవండి. అయితే ఏ కార్బురేటరో తెలుసుకుని పిలవండి. సోలెక్స్ వంటివాటిలో యాక్సిలరేటరు పంపు ఉంటుంది. ఇంజను ఆపి, గొంతులోకి చూస్తూ థ్రాటిల్ లాగితే సన్నని పెట్రోలు ధార వెంటనే పడాలి. ఎస్.యు. కార్బురేటరులో పంపే ఉండదు. గోపురంలో పోసిన కాస్తంత నూనె పిస్టను ఒక్కసారిగా పైకి లేవకుండా ఆపి, ఆ క్షణానికి మిశ్రమాన్ని చిక్కబరుస్తుంది. నూనె ఎండిపోతే బండి తడబడుతుంది. చెంచాడు నూనె పోస్తే తీరే రోగానికి కార్బురేటరు మొత్తం మార్చినవారున్నారు. లేని పంపును వెతికినవారు కూడా ఉన్నారు.

ఈ కాలానికే చెందిన మరో సంగతి ఉంది. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000లోనే నిలిచిపోయింది. ఇప్పుడు పెట్రోలులో ఇథనాలు పాలు 20 శాతానికి చేరింది. ఇథనాలులోనే ఆక్సిజను ఉంది గనుక పాత జెట్టు గుండా పోయే అదే ధార ఇదివరకటికంటె పలచని మిశ్రమమవుతుంది. కొత్త కార్లలో సెన్సరు ఆ లోటు గమనించి సరిదిద్దుతుంది. మన అంబాసిడరుకు ఆ సెన్సరు యజమానే. ఇథనాలు పాత రబ్బరు గొట్టాలనూ పంపు డయాఫ్రాలనూ ఉబ్బించి, పెళుసుబార్చి పాడుచేస్తుంది. కాబట్టి "పుస్తకంలో అంకె పెట్టాను, ఇంకేం చేయను?" అని వాదించేవారికి నా మనవి ఒక్కటే. ఆ పుస్తకం రాసిన నాటి ఇంధనం వేరు. పుస్తకపు అంకె మొదలుపెట్టవలసిన చోటు. అక్కడినుండి ఎటు జరగాలో ఇంజనే చెబుతుంది. ఎక్కుడు గేరులో చడావు మీద పూర్తిగా తొక్కినప్పుడు గులకరాళ్ళు గిలకరించినట్టు నాకింగు వినిపిస్తే ముహూర్తం మరీ ముందుంది. చప్పుడేమీ లేక బండి ఈడ్చుకుంటూ, ఘాటు రోడ్డు మీద రేడియేటరు ఊరికే మరిగిపోతుంటే ముహూర్తం వెనకబడి ఉండవచ్చు. అప్పుడూ రేడియేటరునే తిడతారు, అది వేరే సంగతి.

దీనికి ఎదురువాదం ఒకటుంది, అది బలమైనదే. నలభై ఏళ్ళ అనుభవమున్న మేస్త్రీ లైటూ గీటూ లేకుండా డిస్ట్రిబ్యూటరును చేత్తో తిప్పి, చెవి ఒగ్గి విని, ఇదిగో ఇక్కడ అని బిగిస్తాడు, బండి చక్కగా పోతుంది. ఆ చెవికి నేను నమస్కరిస్తాను. కాని ఆ చెవి విన్నది నిలబడి ఉన్న ఇంజనును. భారం లేని ఇంజను అవసరానికి మించిన అడ్వాన్సును కూడా సంతోషంగానే భరిస్తుంది, పైగా ఇంకా హుషారుగా తిరుగుతుంది. నలుగురు మనుషులూ సామానూ ఎక్కి ఎండలో చడావు ఎక్కేటప్పుడు తేడా తెలుస్తుంది. వేగంలో గాలి హోరూ గేర్ల మోతా కలిసి సన్నని నాకింగును మింగేస్తాయి. పిస్టనుకు దెబ్బ తగులుతూనే ఉంటుంది, చెవికి తెలియదు. పైగా చెవి ఫలితాన్ని చెబుతుందే కాని కారణాన్ని చెప్పదు. బరువులు బిగుసుకున్న డిస్ట్రిబ్యూటరును చెవితో తిప్పి సర్దితే రోగం పోదు, దాగుతుంది.

"ఇంత తతంగం దేనికి, పాయింట్లు పీకేసి ఎలక్ట్రానిక్ కిట్టు పెడితే సరి" అనేవారూ ఉన్నారు. పెట్టుకోండి, నాకు మడి లేదు. మడమ అరుగుదల బాధ తప్పుతుంది, మంచిదే. కాని ఆ కిట్టు కింద బిగుసుకున్న బరువులూ, సాగిన స్ప్రింగులూ, చిరిగిన డయాఫ్రమూ యథాస్థానంలోనే ఉంటాయి. తెలియని రోగానికి కొత్త అవయవం అతికించడం వైద్యం కాదు. కొత్త భాగం కనుక మంచిదే అయి ఉంటుందన్న నమ్మకం కూడా కూడదు. కొత్త రోటరులోంచి కరెంటు షాఫ్టుకు కారిపోవడం, కొత్త కండెన్సరు నాలుగు రోజులకే చచ్చిపోవడం పాత కార్లవారికి పరిచయమైన సంగతులే. పాతదాన్ని పారేయకుండా డిక్కీలో ఉంచండి. ఒకసారికి ఒక్కటే మార్చి, నడిపి చూడండి. నాలుగు ఒకేసారి మారిస్తే బండి బాగైనా మనకు తెలిసేదేమీ ఉండదు.

ఇంతకీ కార్బురేటరే ఎందుకు మొదటి ముద్దాయి అవుతోంది? మెకానిక్కులకు తెలియక అని నేననుకోను. చాలామందికి తెలుసు. తప్పు చాలావరకు యజమానులది. వైద్యుడు నాడి చూసి, మందు అక్కరలేదని చెప్పి పంపినా ఫీజు చెల్లించి నమస్కారం పెట్టి వస్తాం. మెకానిక్కు గంటసేపు మూత తీసి, బల్బు పెట్టి, గొట్టం పీల్చి, తెగిన తీగ ఒకటి కనిపెట్టి అతికిస్తే "తీగముక్కకు ఇంతా?" అని బేరమాడతాం. కార్బురేటరు దించితే కనబడే పని, కొత్త కిట్టు డబ్బా, చేతికి నూనె. వాటికైతే మారుమాట లేకుండా ఇస్తాం. ఆలోచనకు కూలి ఇవ్వని చోట ఆలోచన ఎలా నిలుస్తుంది? పిల్లవాడు పని నేర్చుకునేటప్పుడు దేనికి డబ్బు వస్తోందో దాన్నే నేర్చుకుంటాడు. ఆ విధంగా ఒక తరం విప్పడం నేర్చింది, వెతకడం మరచింది.

అందుచేత పాత కారున్న మిత్రులకు నా సూచనలు మూడు. ఒకటి, రోగనిర్ణయానికి వేరుగా కూలి మాట్లాడి, ఏమీ మార్చకపోయినా చెల్లించండి. రెండు, తడబాటు ఎప్పుడు వస్తోందో, చల్లగా ఉన్నప్పుడా కాగాకా, కొద్దిగా తొక్కితేనా పూర్తిగా తొక్కితేనా, ఒక నోటు పుస్తకంలో రాసి మేస్త్రీ చేతికివ్వండి. "బండి బాగోలేదు" అన్న మాటకంటె అది నూరు రెట్లు నయం. మూడు, ఆయన చేసిన ప్రతి సర్దుబాటునూ అంకెతో సహా అదే పుస్తకంలో ఎక్కించండి.

చివరగా భాషాభిమానులకు ఒక మాట. ఈ విద్య మన ఊళ్ళలో మూడు తరాలపాటు తెలుగులోనే నడిచింది. బండి మిస్ కొట్టడం, జెర్కు ఇవ్వడం, ఇంజను బరువెక్కడం, టైమింగు ఎక్కించడం, దించడం వంటి పలుకుబళ్ళు ఏ ఇంజనీరింగు పుస్తకంలోనూ లేవు. షెడ్డుల్లో పుట్టి షెడ్డుల్లోనే అంతరిస్తున్నాయి. ముందుపడిన రవ్వకూ వెనకబడిన రవ్వకూ మీ ప్రాంతపు మేస్త్రీలు ఏమని వాడతారో, తడబాటును ఏ మాటతో పిలుస్తారో అడిగి రాసిపెట్టండి. పద్మినుల మీదా అంబాసిడర్ల మీదా చెయ్యి తిరిగిన పెద్దలు ఇంకా కొందరు మన మధ్య ఉన్నారు. అడిగితే చెబుతారు, కాకపోతే ఒక టీ తాగేంతసేపు ఓపికగా కూర్చోవాలి.